ఉప్పు తగినంత

వంటల పేజీ చదివే అలవాటున్న వాళ్ళందరికీ ఈ మాట కంఠతా వచ్చే వుంటుంది. కందిపప్పు గ్లాసు, చింతపండు నిమ్మకాయంత, ఎండుమిరపకాయలు ఆరు, ఇంగువ చిటికెడు - అన్నీ కొలిచి, లెక్కపెట్టి మరీ చెబుతారు. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'తగినంత' అని చేతులు దులుపుకుంటారు. ఎవరికి తగినంత? ఎంతకి తగినంత? ఆ సంగతి వండే ఆవిడకే వదిలేస్తారు. కూర కుదిరిందా, ఆ పేరు లేత వంకాయలకి పోతుంది. కాస్త అటూ ఇటూ అయిందా, నేరం మనది!

'అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు' అందిట ఉప్పు. అంత అహంభావం వున్న వస్తువు వంటింట్లో మరొకటి లేదు.

క్రిందటేడు మా వారికి బి.పి. వుందని తేలింది. డాక్టరుగారు మాత్రలు రాసి, కలానికి మూత పెడుతూ, "ఉప్పు తగ్గించాలమ్మా" అన్నారు. బి.పి. ఆయనకి. ఎదురుగా కుర్చీలో కూర్చున్నది ఆయన. చెప్పడం మాత్రం వెనకాల నుంచున్న నాకు! మా వారు కూడా ఆ మాటకీ తనకీ సంబంధం లేనట్టు నా వంక తిరిగి చూశారు.

ఆ చూపుతో నాకు మా అమ్మమ్మ గుర్తుకొచ్చింది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా తాతయ్య పొలం నించి వచ్చి, నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ కూలిపోయారు. పక్షవాతం. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఏడాదిన్నర మంచంలో వుండి దాటిపోయారు. చూడ్డానికొచ్చిన తాతయ్య చెల్లెలు వసారాలో పదిమంది ముందూ, "నీది మొదణ్ణించీ ఉప్పు చెయ్యి వదినా! మా అన్నయ్యని ఆ చెయ్యే పడగొట్టింది" అంది. అమ్మమ్మ బదులు పలకలేదు. ఆ తరువాత ఇరవై యేళ్ళు బతికింది గానీ, మళ్ళీ ఎవరింట్లోనూ ఊరగాయ కలపడానికి చెయ్యి పెట్టలేదు. పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి దగ్గర నుంచుని రెండొందల మంది పప్పులోకి కంటితో చూసి ఉప్పు వేసిన మనిషి, ఆఖరి రోజుల్లో చారులో ఉప్పు వెయ్యమన్నా "నువ్వు వేసుకో తల్లీ" అనేది.

నిజంగా ఆ చెయ్యే తాతయ్యని పడగొట్టిందా? నేను డాక్టర్ని కాను. బి.ఏ.లో చరిత్ర చదువుకుని, నవలలు రాసుకుంటున్న దాన్ని. నాకు తెలిసిన దారి ఒక్కటే - జరిగిపోయిన కథలు తవ్వి తీయడం. తవ్వితే తెలిసింది, ఈ 'ఉప్పు తగ్గించండి' అనే మాటకీ ఓ చరిత్ర వుందని. అందులో రాజులూ, యుద్ధాలూ లేవు. ఎలుకలున్నాయి, ఓ నత్త వుంది, చారు గిన్నెలున్నాయి, బోలెడుమంది ఆడవాళ్ళున్నారు.

మన దేశంలో ఉప్పు ఉద్యమం అంటే చిన్నపిల్లాడైనా దండి పేరు చెబుతాడు. 1930 ఏప్రిల్ 6న గాంధీగారు అక్కడ గుప్పెడు ఉప్పు తీశారు. మన దుర్గాబాయి మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం చేసి జైలుకి వెళ్ళింది. బీదవాడి గంజిలోకి పన్ను లేని ఉప్పు అందాలన్నది ఆనాటి పోరాటం. ఆ తరం వాళ్ళ మునిమనవరాళ్ళం మనం, ఆ ఉప్పునే తగ్గించుకోవడానికి అవస్థ పడుతున్నాం. కాలమహిమ!

అసలు కథ అమెరికాలో మొదలుపెడతాను. న్యూయార్కు దగ్గర బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో లూయిస్ డాల్ అనే డాక్టరుగారుండేవారు. 1960లో ఆయన అయిదు రకాల మనుషుల్ని ఒక వరసలో పెట్టి చూపించారు. ఉప్పు బాగా తక్కువ తినే అలాస్కా ఎస్కిమోలు, తరవాత మార్షల్ దీవుల వాళ్ళు, అమెరికన్లు, దక్షిణ జపాను వాళ్ళు, చిట్టచివర ఉత్తర జపాను రైతులు. ఉప్పు పెరిగినకొద్దీ రక్తపోటు వున్నవాళ్ళ సంఖ్యా పెరిగింది. ఉత్తర జపానులో మనిషి రోజుకి తినే ఉప్పు సగటున 27 గ్రాములట! టీ చెంచాతో సమంగా కొలిస్తే చెంచాకి అయిదు గ్రాములు. అంటే అయిదు చెంచాల పైమాటే. చదువుతుంటేనే దాహం వేసింది నాకు.

డాల్‌గారు అక్కడితో ఆగలేదు. ఎలుకల్ని తరతరాలుగా పెంచి రెండు వంశాలుగా విడదీశారు. ఒక వంశం వాటికి ఉప్పు ఎక్కువ పెడితే రక్తపోటు పెరిగి ప్రాణం మీదికి వచ్చింది. రెండో వంశం ఎలుకలు అంత ఉప్పూ తిని హాయిగా తిరిగాయి. ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. అమ్మమ్మా తాతయ్యా ఒకే గిన్నెలో పప్పు తిన్నారు, ఒకే జాడీలో ఆవకాయ తిన్నారు. ఒకరు నూతి దగ్గర పడిపోయారు, ఒకరు ఎనభై దాటారు. మనుషులు ఎలుకలు కారు, నిజమే. కానీ ఒకే ఉప్పు అందరి ఒంట్లోనూ ఒకేలా పనిచెయ్యదన్న సంగతి ఆనాడు మా వసారాలో ఒక్కరికి తెలిసినా బాగుండేది.

ఉప్పు చేసే పని చిన్నదే. నీళ్ళని పట్టి వుంచుతుంది. ఒంట్లో ఉప్పు ఎక్కువైతే నీరు నిలుస్తుంది, రక్తం పరిమాణం పెరుగుతుంది, రక్తనాళాల గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఏళ్ళ తరబడి ఆ ఒత్తిడి తిన్న నాళం ఒకరోజు మెదడులో చిట్లుతుంది, లేదా పూడుకుపోతుంది. అదే పక్షవాతం. జపానులో 1951 నించి 1980 దాకా మనుషులు చనిపోవడానికి మొట్టమొదటి కారణం ఇదే.

అంత ఉప్పు వాళ్ళెందుకు తిన్నారు? తెలివితక్కువై కాదు. ఉత్తర జపానులో నెలల తరబడి మంచు. పచ్చటి ఆకు కనబడదు. కోతల కాలంలోనే ముల్లంగీ, కాబేజీ ఉప్పులో ఊరేసి పెట్టుకోవాలి. చేపలు ఉప్పులో పాతెయ్యాలి. మిసో అని, సోయా గింజల్ని ఉప్పుతో పులియబెట్టిన ముద్ద ఒకటి వాళ్ళకి పొద్దునా సాయంత్రం చారులోకి కావాలి. ఫ్రిజ్ లేని రోజుల్లో ఉప్పే ఫ్రిజ్. చలికాలం పిల్లలు పస్తు పడుకోకుండా చూసిన ఇల్లాలి ముందుచూపు అది. మా అమ్మమ్మ జాడీల వెనకా అదే ముందుచూపు వుండేది. మాగాయ, గోంగూర, చల్లమిరపకాయలు, వడియాలు - కూర దొరకని వర్షాకాలానికి అవే కూరలు. కాపాడిన చెయ్యే ప్రాణం తీస్తుందంటే ఎవరికి మాత్రం నమ్మాలనిపిస్తుంది?

అందుకే జపాను వాళ్ళు ఆ పని చేసిన తీరు నాకు నచ్చింది. నగానో అని కొండల మధ్య ఓ ప్రాంతం వుంది. ఒకప్పుడు పక్షవాతపు చావులు ఎక్కువగా వుండే చోట్లలో అదొకటి. అక్కడ సాకు అనే వూళ్ళో - పేరే అది, మనం చెప్పే సాకు కాదు - 1945లో వాకత్సుకి తోషికజు అనే డాక్టరు ఆస్పత్రిలో చేరారు. రోగులు వచ్చేదాకా కూర్చోకుండా తనే పల్లెలకి వెళ్ళేవారు. ఉపన్యాసమిస్తే జనం నిద్రపోతున్నారని, ఆస్పత్రి వాళ్ళ చేత నాటకాలు వేయించారు!

ఆ తరువాత నగానో పల్లెల్లో ఆడవాళ్ళే స్వచ్ఛందంగా కార్యకర్తలయ్యారు. శిక్షణ పొంది, ఉప్పుదనం కొలిచే చిన్న మీటరు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళారు. "మీ మిసో చారు కాస్త ఇటు పట్టుకురండమ్మా" అని గిన్నెలో మీటరు ముంచి చూశారు. 'మీరు మిసో మానెయ్యండి' అనలేదు. చారులో కూరముక్కలు ఎక్కువ వెయ్యండి, అప్పుడు ఉప్పు నీళ్ళు తక్కువ పడతాయి అన్నారు. ఇరుగమ్మ చారు కొలిచింది పొరుగమ్మే కనక ఎవరికీ చిన్నతనం అనిపించలేదు. 2010 లెక్కల్లో మగవాళ్ళ ఆయుర్దాయంలోనూ, ఆడవాళ్ళ ఆయుర్దాయంలోనూ జపాను మొత్తానికి నగానోదే మొదటి స్థానం. ఇదంతా ఒక్క ఉప్పు వల్లనే అంటే అబద్ధమవుతుంది. ఫ్రిజ్‌లు వచ్చాయి, రక్తపోటుకి పరీక్షలూ మందులూ వచ్చాయి. కానీ చారు గిన్నె వాటా దానికుంది.

ఇలాటి కథే ప్రపంచానికి ఇంకో కొసన, ఫిన్లండులో జరిగింది. ఆ దేశానికి తూర్పున నార్త్ కరేలియా అనే అడవి ప్రాంతం. కట్టెలు కొట్టే బలమైన మగవాళ్ళు నలభై, యాభై యేళ్ళకే గుండె ఆగి చనిపోతుండేవారు. 1971లో అక్కడి పెద్దలు కలిసి, మమ్మల్ని ఆదుకోండని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. 1972లో మొదలైన ఆ పనికి నాయకుడు పెక్కా పుస్కా. అప్పటికి ఆయనకి ముప్ఫై యేళ్ళయినా లేవు. డాక్టరు కుర్రాడు వచ్చి వెన్న తగ్గించండి, సిగరెట్టు మానండి, ఉప్పు తగ్గించండి అంటే ఎవరు వింటారు చెప్పండి?

విన్నవాళ్ళు, వినిపించిన వాళ్ళు 'మార్తా' సంఘం ఆడవాళ్ళు. 1899 నించీ వున్న గృహిణుల సంఘమది. మన మహిళామండలి లాటిది. వాళ్ళు పల్లెల్లో 'దీర్ఘాయువు విందులు' పెట్టారు. అందరూ ఒకచోట చేరి, తమకి అలవాటైన వంటకాలే కొవ్వూ ఉప్పూ తగ్గించి, కూరలు పెంచి వండడం, మగవాళ్ళని పిలిచి వడ్డించడం. రుచి బాగుందని నలుగురిలో ఒప్పేసుకున్న మగవాడు ఇంటికెళ్ళి వంక పెట్టలేడు కదా! ఆ యుక్తి చదివి నాకు నవ్వాగలేదు.

అయితే ఇంటి వంట ఒక్కటీ మారితే చాలలేదు. రొట్టె, సాసేజీ, జున్ను బజారు నించి వస్తాయి. 1993లో ఫిన్లండు ఒక చట్టం చేసింది - ఉప్పు హద్దు దాటిన సరుకు మీద 'ఉప్పు ఎక్కువ' అని స్పష్టంగా అచ్చు వెయ్యాలి. ఆ ముద్ర పడితే ఎవరు కొంటారు? కంపెనీలు తమంత తామే ఉప్పు తగ్గించాయి. ముప్ఫై యేళ్ళలో ఆ దేశం తినే ఉప్పు మూడో వంతు తగ్గింది.

ఇక బ్రిటన్ కథ మరీ విచిత్రం. అక్కడి జనం తినే ఉప్పులో నాలుగింట మూడు వంతులు ఇల్లాలి చేతిలోది కానే కాదు. కొనే ముందే రొట్టెలో, సూపు డబ్బాలో, మాంసపు ముక్కల్లో కలిసిపోయి వస్తుంది. బల్ల మీది ఉప్పు డబ్బా దాచేసినా ఒరిగేది లేదు. 1994లో నిపుణుల సంఘం రోజుకి తొమ్మిది గ్రాముల నించి ఆరుకి దిగాలని చెబితే ప్రభుత్వం ఆ మాట ఒప్పుకోలేదు. దాంతో 1996లో గ్రాహమ్ మెక్‌గ్రెగర్ అనే ప్రొఫెసరుగారు, మరికొందరు డాక్టర్లూ కలిసి, మొత్తం 22 మంది, తామే ఒక సంఘం పెట్టారు. ఉప్పు మీద పట్టుదలగా పోరాడారు. కంపెనీల తలుపులు తట్టారు. ఏ సరుకులో ఎంత ఉప్పుందో కొలిచి పత్రికలకిచ్చారు.

చివరికి ప్రభుత్వ ఆహార సంస్థ కలిసి వచ్చింది. 2004లో సిడ్ అనే నత్తని ప్రచారానికి దింపారు. పెంకు లేని నత్త మీద ఉప్పు పడితే చస్తుందని మనకీ తెలుసుగా. ఆ నత్తే టీవీలో కనిపించి, ఉప్పు మీకూ మంచిది కాదని చెప్పింది. ఉప్పు తయారీదార్లకి కోపమొచ్చి ఫిర్యాదు చేశారట! 2006లో రొట్టెకింత, జున్నుకింత అని ఎనభైకి పైగా రకాల సరుకులకి హద్దులు పెట్టారు. ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా. నాలుక చిత్రమైనది. ఉప్పు మెల్లమెల్లగా తగ్గిస్తే కొన్ని వారాల్లో అలవాటు పడిపోతుంది, ఆపైన పాత ఉప్పు పెడితే 'అబ్బ, ఉప్పుకషాయం' అంటుంది. పదేళ్ళలో వంద గ్రాముల రొట్టెలో ఉప్పు 1.23 గ్రాముల నించి 0.98కి దిగింది. రోజూ అదే రొట్టె తింటున్న కోట్ల మంది జనం గమనించనే లేదు. మనిషి తినే ఉప్పు 2001లో 9.5 గ్రాములు వుండేది, 2011కి 8.1 అయింది.

ఆ తరువాత పట్టు సడలింది. కంపెనీలు తమంత తామే చూసుకుంటాయిలే అని వదిలేశారు. 2019 నాటికి ఇంగ్లండులో లెక్క చూస్తే 8.4. చంటిపిల్లాడి మీదా, ఉప్పు మీదా కన్ను తిప్పుకోకూడదన్నమాట. జపాను కూడా ఇంకా గెలవలేదు. 2019లో వాళ్ళు తిన్నది 10.1 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదేమో రోజుకి అయిదు గ్రాముల లోపు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళదీ అదే మాట. పప్పు, కూర, చారు, పచ్చడి, మజ్జిగ, ఊరగాయ, అప్పడం, సాయంత్రం మిక్చరు - అన్నిటికీ కలిపి ఒక్క టీ చెంచాడు!

ఉప్పు బొత్తిగా మానెయ్యమని కాదు సుమండీ. మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ రామలింగస్వామిగారు 1956 నించి హిమాలయాల కింద కాంగ్రా లోయలో అయొడిన్ కలిపిన ఉప్పుతో గొంతు వాపు తగ్గుతుందని చూపించారు. ఈనాడు మనం అయొడిన్ ఉప్పు వాడుతున్నామంటే అందులో ఆయన పుణ్యం వుంది. ఆ ఉప్పే వాడాలి. కాకపోతే తక్కువ వాడాలి.

ఇంత చరిత్ర తలకెక్కించుకున్నాక నేను మొదట బ్రిటన్ పద్ధతి పట్టాను. ఎవరికీ చెప్పకుండా రోజూ కాస్త కాస్త తగ్గిద్దామని. మూడోనాడు అత్తయ్యగారు చారు ఒక్క గుక్క పుచ్చుకుని, "ఏమ్మా, ఉప్పు నిండుకుందా? పక్కింట్లో అడక్కపోయావా?" అన్నారు. కోట్ల మంది ఇంగ్లీషు వాళ్ళని మోసం చెయ్యొచ్చు గానీ, డెబ్బయ్యేళ్ళు చారు కాచిన నాలుకని మోసం చెయ్యడం నా తరమా!

అప్పుడు నగానో పద్ధతికి మారాను. ఆవిడతో వున్నదంతా చెప్పి, పెత్తనం ఆవిడ చేతికే ఇచ్చాను. కొత్తగా తెరిచిన కిలో ఉప్పు పాకెట్టు మీద అత్తయ్యగారు తేదీ వేశారు. ఇంట్లో నలుగురం. సరిగ్గా ఇరవై అయిదు రోజులకి పాకెట్టు ఖాళీ అయింది. ఆవిడే లెక్క కట్టారు - మనిషికి రోజుకి పది గ్రాములు! పుక్కిలింతలకీ, కూరలు కడగడానికీ పోయింది తీసేసినా ఎక్కువే. ఊరగాయలూ, అప్పడాలూ, బిస్కెట్లూ అందులో కలవనే లేదు.

"అయ్యో, ఇంతా!" అన్నారు ఆవిడ. ఆ తరవాత నేను నోరెత్తాల్సిన పని లేకపోయింది. మజ్జిగలో ఉప్పు ఆవిడే ఆపించారు. చారులో నిమ్మకాయ పిండి ఉప్పు తగ్గించారు. ఊరగాయ ఒక పూటకే అన్నారు. ఇప్పుడు పాకెట్టు నలభై రోజులు వస్తోంది. అయిదు గ్రాములకి ఇంకా దూరంలోనే వున్నాం. మా వారి మాత్రలు మాత్రం ఆపలేదు, ఆ పొరపాటు మీరూ చెయ్యకండి.

ఈ వేసవిలో ఆవకాయ కలిపాను. అందులో ఉప్పు తగ్గిద్దామంటే అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "బూజు పడుతుంది. జాడీలో తగ్గించకూడదు, కంచంలో తగ్గించాలి" అన్నారు. మా అమ్మమ్మ కొలతే వేశాను - ఆవిడ చెంబుతో కొలిచేది, అమ్మ ఆ చెంబు నాకిచ్చింది. కలుపుతుంటే అనిపించింది, ఆ చేతి తప్పేమీ లేదని. ఇల్లు గడవడానికి ఆనాడు తెలిసినంతలో తెలివైన పనే చేసింది. తెలియంది ఆవిడకొక్కతికే కాదు. చెప్పవలసిన వాళ్ళెవరూ మా వూరి దాకా చారు గిన్నెలో ముంచే మీటరు పట్టుకుని రాలేదు. వసారాలో ఆనాడు ఒక్క మనిషిని నిలబెట్టి తీర్పు చెప్పడమే సులువైపోయింది.

పోయిన నెల మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. మా వారి చేతికి పట్టీ చుట్టి, బి.పి. చూసి, "బాగా దిగిందే! ఉప్పు తగ్గించారా?" అని మామూలుగానే నా వంక చూశారు. నేను నోరు తెరిచేలోగా మా వారు కుర్చీలో సర్దుకుని కూర్చుని, "తగ్గించానండీ" అన్నారు.

తగ్గించాను! నేనూ లేను, అత్తయ్యగారూ లేరు, అంతా ఆయనే! ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే అత్తయ్యగారు నవ్వి, "పోనీలే అమ్మా, వాడి నోటి ఉప్పు వాడిదని ఇన్నాళ్ళకి ఒప్పుకున్నాడు" అన్నారు.